గేటు బయట పావురాలు

ఒక్కో ఆకునూ ఒక్కో తీరుగా చేసిన సృష్టికర్తకు స్తోత్రం.

ఈ ఉదయం దింపువాళ్లు మా ఇంటి ముందు కొబ్బరికాయలు దించుతూ మట్టలు కూడా కొట్టారు. ఆ పచ్చి వాసనకు అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ, వంటకూ మా స్నానాలకూ మధ్య దొరికే కాస్త తీరికలో కొబ్బరాకులతో పావురాలు అల్లేది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు మలికిపురంలో మా చర్చి ఆవరణలోనే బల్ల వేసి, మొదటిసారి వాటిని అమ్మాలనుకుంది.

ఆరాధన ముగిసేసరికి బల్ల ఉంది, పావురాల బుట్ట లేదు.

"బుట్టేదే?" అంది అమ్మ కంగారుగా.

"చాపల వెనకాల దాచేసేనమ్మా. దేవాలయంలో పావురాలమ్మేవాళ్ల బల్లలూ పీటలూ యేసయ్య పడదోసేరని సండే స్కూల్లో చెప్పేరు కదా! నీది కూడా పడదోసేయరా మరి?"

పాస్టరమ్మగారు పకపకా నవ్వారు. "ఇవి ఆకు పావురాలే పిచ్చిపిల్లా! నువ్వమ్ముకోమ్మా."

"ఆయ్, నిజమేనండీ. కానీ ఇది అడిగింది కూడా ఆలోచించాలి కదండీ" అని అమ్మ నావైపు వంగింది. "గేటు బయటైతే పరవాలేదా?"

కాసేపు ఆలోచించి తలూపాను.

ఇద్దరం బల్ల మోసుకుని ఎండలోకి వెళ్లాం. చర్చికి రానివాళ్లు, దిండి రేవుకు వెళ్లే పడవలవాళ్లు కూడా ఆగి కొన్నారు. ఆ తర్వాత ఏటా, లోపల నీడలో పెట్టుకోమని ఎవరెంత చెప్పినా అమ్మ బల్ల గేటు బయటే ఉండేది.

అమ్మ కూడా యేసయ్యకు భయపడిందనుకున్నాను అప్పుడు. నేను వాక్యం విని ప్రశ్నించడం మానకూడదనే అన్నేళ్లు ఆ ఎండ భరించిందని ఇప్పుడు తెలుస్తోంది. పిల్లల ప్రశ్నకు చోటిచ్చే మనసు మనకూ దయచేయమని, ఈ పూట నాతో కలిసి ప్రార్థించండి.