గేదె కూడా వక్రీభవనమే

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది. ఒకే ఒక్క మాట నా పరువును, నా కళ్లను మింగేసింది, కొద్దిలో తప్పింది గానీ నా పెళ్లిని కూడా మింగేసేదే. ఆ మాట వక్రీభవనం.

అప్పట్లో ఇనప గనుల ఊరు బచేలీలో పిల్లలకు సైన్సు ట్యూషన్లు చెప్పేవాణ్ని. కాంతి గాలిలోంచి నీళ్లలోకో, గాజులోకో వెళ్లేటప్పుడు వంగుతుంది, అదే వక్రీభవనం. ఇంతే సంగతి. కానీ నాకు ఆ మాట ఎంత ముద్దొచ్చిందంటే, గ్లాసులో చెంచా వంకరగా కనిపించినా, సాయంత్రం సూర్యుడు సొట్టపోయినా, చేపల పులుసులో పెద్దగా కనిపించిన ముక్క కంచంలోకి చిన్నదై వచ్చినా, ఎవరూ అడక్కుండానే "వక్రీభవనం!" అనేవాణ్ని. మా అమ్మ గరిటె చూపించేది.

ఆ రోజుల్లోనే, రైల్వే క్వార్టర్లలో ఉండే యోహాను గారి అమ్మాయి రూతును నాకివ్వాలని మాటలు నడుస్తున్నాయి. రూతుకు నేనంటే ఇష్టం. నా సంగతి చెప్పక్కర్లేదు. విజయనగరం నుంచి వచ్చి రైల్వే ట్రాక్ పనిలో తల నెరిసిన మనిషి యోహాను గారు. "కుర్రాడికి చదువుంది సరే, బుద్ధుందో లేదో చూడాల" అని ఊగిసలాడుతున్నారు. ఓ మే నెల మధ్యాహ్నం కిరందుల్ చర్చిలో పెళ్లికి వెళ్లాల్సి వచ్చి, "బాబూ, నీ స్కూటీ మీద దింపుతావేటి?" అని ఆయనే అడిగారు. మడత నలగని తెల్ల పంచె, తెల్ల లాల్చీ. సంఘపెద్దగా ఆ పెళ్లిలో ప్రార్థన చేయాల్సింది ఆయనే. నా పరీక్ష మొదలైందని అర్థమైంది.

రోడ్డు బాగుచేస్తున్నారని దారిని మట్టిబాటలోకి మళ్లించారు. ఎండ మాడ్చేస్తోంది. ముందు, బాటకు అడ్డంగా నీళ్లు తళతళమన్నాయి. ఆయన నా భుజం తట్టారు.

"నీరున్నట్టుంది బాబూ, ఆపు."

నా జన్మ ధన్యమైపోయింది. "నీళ్లు కాదండీ మావయ్యగారూ, ఎండమావి. నేల దగ్గర గాలి వేడెక్కి పలచబడుతుంది, అందులో కాంతి వంగుతుంది. దాన్నే వక్రీభవనం అంటారు." ఇంకా పిల్లనివ్వని మనిషిని మావయ్యగారూ అనడమేమిటని అడక్కండి. ఆ వయసులో నాకు ఏ బ్రేకూ పనిచేయలేదు.

"నిన్న గాలివాన పడింది కదేటి?"

"వానకూ దీనికీ సంబంధం లేదండీ."

"ఎర్రగా ఉంది బాబూ. మన ఇనప మట్టి కలిసిన నీరే అలాగుంటాది."

"మట్టి రంగు కూడా వంగి వస్తుందండీ."

ఆయన నా భుజం మీంచి మెడ చాచి చూశారు. గెలిచాననుకున్నాను.

"మరి అందులో గేదె తొంగుందేటి?"

అయ్యా, అమ్మా, అక్కడైనా నేను ఆపి ఉండాల్సింది. గేదె ఉంది. నీళ్లలో పడుకుని చెవులాడిస్తోంది. నావైపే చూస్తోంది కూడా. కానీ ఇంతసేపు పాఠం చెప్పి ఇప్పుడు ఆపితే కాబోయే మామ ముందు నా చదువు ఏం కాను?

"గేదె ఎక్కడో పొలంలో ఉందండీ, దాని బొమ్మ ఇక్కడ కనిపిస్తోంది. దగ్గరికెళ్తే మాయమైపోతుంది చూడండి" అని స్పీడు పెంచాను.

గేదె మాయం కాలేదు. మేమే మాయమయ్యాం.

స్కూటీ గుంతలో, నేను గేదె వీపు మీద, ఆయన నడుముల్లోతు ఎర్ర బురదలో. గేదె లేచి ఒళ్లు దులుపుకుని, ఆయన లాల్చీ మీద మిగిలిన కాస్త తెలుపునూ ఎరుపులో కలిపేసి వెళ్లిపోయింది. యోహాను గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పంచె పిండుకుంటూ, "ఏటి బాబూ, గేదె వంగలేదేటి?" అన్నారు. ఆ బట్టలతోనే వెళ్లి ప్రార్థన చేశారట. పెళ్లికూతుర్ని చూసినవాళ్లు లేరట.

సాయంత్రం రూతు ఏడుస్తూ ఫోను చేసింది. "గేదె కనబడక గుద్దేస్తే పాపం చూపు లేదు, అద్దాలు పెట్టించి పిల్లనిచ్చేద్దాం. కనబడీ గుద్దేస్తే మాత్రం ఇవ్వనని నాన్న ఒకటే అంటన్నారు. మీకు కనబడిందా, లేదా?"

"కనబడింది రూతూ, కానీ కాంతి..."

"ఇంకోసారి కాంతి అన్నారంటే పెట్టేస్తాను."

చదువా, రూతా? గుండె రాయి చేసుకుని "కనబళ్లేదు" అన్నాను.

మర్నాడు ఆయనే స్వయంగా కళ్లద్దాల దుకాణానికి తీసుకెళ్లారు. దొరికిపోతానన్న భయంతో బల్లంత అక్షరాన్ని కూడా తడుముకున్నాను. దుకాణదారు జాలిపడి సోడాబుడ్డి అద్దాలు బిగించాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అద్దాలు మాత్రం దిగలేదు. శుభ్రమైన చూపున్నవాణ్ని, గడప ఎక్కడుందో తెలియక కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, తలనొప్పి మాత్రలు మింగుతూ బతుకుతున్నాను. తీసి పక్కన పెడితే మామగారు ప్రేమగా తుడిచి మళ్లీ పెడతారు. ఇంతకంటే నరకం ఉందా చెప్పండి?

కనక సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. దారిలో తడి మెరిస్తే దిగి నడుస్తాను. గేదె కనిపిస్తే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. ఆ మాట మాత్రం చచ్చినా పలకను.

మొన్న మామగారు నా అద్దాలు తీసి మనవడి పుస్తకం మీద పెట్టి చూశారు. "అల్లుడూ, ఇందులోంచి చూస్తే అక్షరాలన్నీ వంకరపోతన్నాయి. దీన్నేదో అంటారు కదేటి? సైన్సు మేస్టరువి, నీకు తెలిసే ఉంటాది."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింటి గుమ్మంలోంచి రూతు నావైపే చూస్తోంది.

"తెలీదండీ మావయ్యగారూ" అన్నాను.