కుట్టు పిన్ని టేపు

మా ఎదురింటి కుట్టు పిన్ని పోయిన బుధవారం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. బంధుత్వమేమీ లేదు, మా వీధి మొత్తానికీ ఆవిడ పిన్నే.

మా పిల్లల క్రిస్మస్ గౌన్లన్నీ ఆవిడ కుట్టినవే. మెడ కొలిచేటప్పుడు ప్రతి పిల్లకీ ఒకటే మాట: "గడ్డం పైకెత్తు. కదిలేవంటే బొత్తాం నీ ముక్కుకి కుట్టెస్తాను!"

మా అమ్మాయికి ఎనిమిదో ఏట మెడ పక్కన గడ్డ లేచింది. మొదట జలుబు వల్లే అన్నారు. సూది పరీక్షలో ఏమీ తేలలేదు. టీబీ గడ్డ కావచ్చని మాత్రలు మొదలుపెట్టారు. నొప్పి లేదు, పిల్ల ఆడుకుంటోంది. నేను ప్రార్థన చేసిన నూనె రాస్తూ, తగ్గుతోందనే అనుకున్నాను. రోజూ చూసే కళ్ళకి తేడా తెలియదు.

పిన్నికి తెలిసింది. ఆ ఏడాది గౌను తొడిగితే కాలరు బొత్తాం అందలేదు, నడుము మాత్రం వదులైంది. అప్పటినుంచి వారం వారం మెడ కొలిచి, టేపు మీద నీలం పెన్నుతో గీత పెట్టేవారు.

"మాత్రలు పన్జేస్తే గీతలు ఎనక్కి రావాల గదే! ముందుకే ఎల్తన్నాయి. పెద్ద డాక్టరుకి సూపించు."

"ప్రార్థనలో పెట్టాం పిన్నీ."

"పెట్టొద్దన్నానేటే? రైల్లో కూకుని సెయ్యి. పద, నేనూ వస్తన్నాను."

విశాఖలో డాక్టరు ఆ టేపును శ్రద్ధగా చూశారు. గడ్డ తీసి పరీక్షకి పంపాలన్నారు. కత్తి తగిలితే పాకిపోతుందని మా ఆయన భయపడ్డారు.

"కుట్టు ఇప్పందే లోపలి గుడ్డ ఎలాగుందో తెలుస్తాదా బాబూ?" అన్నారు పిన్ని. ఆయన సంతకం పెట్టారు.

లింఫోమా అని తేలింది. గ్రంథులకి వచ్చే కేన్సరు. మందులకి లొంగే అవకాశం బాగా ఉందని డాక్టరు ధైర్యం చెప్పారు. మందులెక్కించిన ఆ నెలలన్నీ పిన్ని జుట్టు రాలిన తలకి పువ్వుల టోపీలు కుట్టారు. టేపు మీద ఎర్ర పెన్నుతో గీతలు పెట్టారు. అవి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. దేవుడు నా ప్రార్థన విన్నాడు, ఆవిడ చేతుల్లోంచి విన్నాడు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆవిడ కోడలు మిషను సొరుగులోంచి ఆ టేపు తీసి నా చేతికిచ్చింది. అంకెలు చెరిగిపోయాయి, గీతలు ఇంకా ఉన్నాయి. ఊరికే మా అమ్మాయి మెడ చుట్టూ వేశాను. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండానే గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడింది.