మా టీచరమ్మగారి మావు

మా పక్కింటి టీచరమ్మగారు మంగళవారం పొద్దున్న గుండె ఆగి పోయారు. వట్లూరులో పిల్లలకి కంప్యూటర్ చెప్పి రిటైరైన మనిషి. నేనివాళ ప్రాణాలతో ఉన్నానంటే ఆవిడ చలవే.

నా మొగుడు నా చెయ్యి విరిచి, నేను లోపల గడియ పెట్టుకుంటే గొడ్డలితో తలుపు నరుకుతున్న రోజున ఆవిడ కత్తిపీట ఎత్తి పట్టుకుని అడ్డం నిలబడ్డారు. "ముందు నన్ను నరకండి బాబూ!" అన్నారు. అంత కోపంలోనూ ఆ మర్యాద పోలేదు. వాడు జడిసి పారిపోయాడు. కేసు పెట్టాం. బెయిల్ మీద బయటికొచ్చాక మెయిళ్ళు మొదలుపెట్టాడు. కొల్లేరులో తొక్కేస్తానని, మొహం మీద యాసిడ్ పోస్తానని. ఒక అడ్రసు బ్లాక్ చేస్తే ఇంకో అడ్రసు నుంచి. ఫోన్ మోగితే చాలు, దిండు కింద దాచేసేదాన్ని.

"అన్నీ తీసిపారేస్తానండీ" అన్నాను.

"సాక్ష్యం పోతుందమ్మా. నువ్వు చదవొద్దు, పారెయ్యొద్దు."

చంపుతా, నరుకుతా లాంటి మాటలున్న మెయిలేదైనా చప్పుడు చెయ్యకుండా ఒక ఫోల్డర్లో పడేలా రూల్ పెట్టారు. కొల్లేటి లంకలో పుట్టిన మనిషి కదా, దానికి మావు అని పేరు పెట్టారు. మావంటే చేప దూరడమేగానీ తిరిగి పోలేని వెదురు బుట్ట. వారం వారం తనే తెరిచి, ప్రింటు తీసి, స్టేషన్లో ఇచ్చేవారు. "వెధవకి స్పెల్లింగులు కూడా రావు!" అని తిట్టేవారు.

తర్వాత నా పాత అడ్రసు మాన్పించి, ఒక్కొక్కరికి ఒక్కో మారుపేరు అడ్రసు ఇప్పించారు. అన్నీ చేపల పేర్లే. బ్యాంకుకి కొర్రమీను, చర్చికి వాలుగ, మా అన్నయ్య ఒక్కడికే బొమ్మిడాయి. "ఎక్కడ చిల్లు పడిందో ఇట్టే తెలిసిపోద్ది" అన్నారు.

నెల తిరక్కుండా బొమ్మిడాయికే వాడి మెయిల్ వచ్చింది. ఆదివారం చర్చి గేటు దగ్గర నరుకుతాడట. అన్నయ్యని పిలిపించాం.

"బావ ఏడ్చాడండీ. కాపురం నిలబడుతుందని ఇచ్చానండీ" అన్నాడు.

"ఏడ్చాడా? రేపు మీ చెల్లి శవం దగ్గర మీరేడుద్దురుగాని, చదవండి!" అని స్క్రీన్ అతనివైపు తిప్పారు. అన్నయ్య సగం చదివి, స్క్రీన్ మళ్ళీ ఆవిడవైపు తిప్పేశాడు. ఆదివారం పోలీసులు వాణ్ణి సంచిలో కత్తితో సహా పట్టుకున్నారు. మళ్ళీ బెయిలొచ్చింది, అది వేరే సంగతి.

నిన్న సమాధి మీద మట్టి వేసి వచ్చి ఆవిడ కంప్యూటర్లో చూస్తే, మావు పక్కన చదవని మెయిళ్ళ అంకె పెరిగి ఉంది. ఆవిడ లేరని వాడికి తెలిసినట్టుంది. ఇన్నాళ్ళూ నేను దాన్ని ముట్టుకోలేదు. నిన్న ఆవిడ కుర్చీలో కూర్చుని తెరిచాను. మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదివాను. ప్రింటరు కాగితాన్ని బయటికి తోస్తుంటే పైకే అన్నాను, "వెధవకి స్పెల్లింగులు కూడా రావు."