టేకుచెట్టుకు బోరు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి తన చదువు మీద ఉండే నమ్మకం మళ్లీ జన్మలో దేని మీదా ఉండదు. ఆ రోజుల్లో నా సంగతీ అంతే. విశాఖపట్నంలో ఒక పరిశోధన ప్రాజెక్టులో అసిస్టెంటుగా చేరి కొన్ని నెలలైనా కాకుండానే, చెట్టు కనిపిస్తే చాలు, దాని వయసు చెప్పాలని నాకు నోరు దురద పెట్టేది. మా పని చెట్ల వలయాలు చూడటం. చెట్టు ఏటా ఒక చుట్టు చొప్పున లావెక్కుతుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పాటి చుట్టు వేస్తుంది, కరువొచ్చిన ఏడు సన్నటి చుట్టుతో సరిపెట్టుకుంటుంది. చుట్లు లెక్కపెడితే వయసు, వెడల్పులు కొలిస్తే వెనకటి వానల సంగతి తెలుస్తాయి. మన వైపు అన్ని చెట్లూ ఇలా లెక్క అప్పజెప్పవు. కొబ్బరికీ తాడికీ అసలు చుట్లే ఉండవు, మామిడి తికమక పెడుతుంది. టేకు మాత్రం బుద్ధిమంతురాలు. అందుకే మా సార్, "మీది అనకాపల్లే కదమ్మా, ఆ చుట్టుపక్కల పొలంగట్ల మీద పాత టేకు ఉంటే చూడు" అని ఒక పరికరం చేతిలో పెట్టి పంపించారు.

అసలు కథలోకి వెళ్లేముందు మా ఇద్దరు అమ్మమ్మల తగువు చెప్పాలి. మా అమ్మకు అమ్మ, అనకాపల్లి అమ్మమ్మ. ఆవిడ అన్నగారి భార్య, మునగపాక అమ్మమ్మ. వాళ్లవి కుండమార్పిడి పెళ్లిళ్లు. అంటే మా అమ్మమ్మ అన్న ఆవిడను చేసుకున్నాడు, ఆవిడ అన్న (మా తాతయ్య) మా అమ్మమ్మను చేసుకున్నాడు. రెండు పెళ్లిళ్లూ ఒకే పందిట్లో జరిగాయి. తరవాత తాతయ్య బెల్లం వ్యాపారమంటూ అనకాపల్లి వచ్చేశాడు, ఆవిడ మునగపాకలోనే ఉండిపోయింది. ఇద్దరిలో పెద్దావిడ వదిన, చిన్నావిడ మరదలు కావాలి. కానీ ఎవరు ఎప్పుడు పుట్టారో రాసిపెట్టినవాళ్లు లేరు. చిన్నదాన్ననిపించుకోవాలని ఇద్దరికీ ఆశ. అందుకని అమ్మమ్మ ఆవిడను "వదినా" అని పిలిచేది, ఆవిడ అంతకంటే గట్టిగా అమ్మమ్మను "వదినా" అని పిలిచేది. ఊరందరి ముందూ ఇద్దరూ వదినలే, మరదలన్నది లేదు. (చూసేవాళ్లు ఎంత మర్యాదో అనుకునేవారు.)

ఇలా ఉండగా మావయ్య కొడుక్కి పెళ్లి కుదిరింది. పసుపు దంచేటప్పుడు ఇంట్లో పెద్ద ముత్తయిదువ మొదటి పోటు వెయ్యాలి. అంతే, ఆ మాట వినగానే ఇద్దరికీ ఒక్కసారిగా వయసొచ్చేసింది.

"ఇన్నేళ్లూ నన్ను వదినా అని పిలిసినావు గదే, ఇప్పుడు నువ్వు పెద్దదానివైపోనావేటి?" అంది అమ్మమ్మ ఫోన్లో. ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి స్పీకరు పెట్టి మాట్లాడేది, ఇంటిల్లిపాదీ వినేవాళ్లం.

"నువ్వు పిలవలేదేటి నన్ను వదినా అని? అంటే నానే పెద్దనని నీ నోటితోనే ఒప్పుకున్నావు" అంది మునగపాక అమ్మమ్మ. "మొదటి పోటు నాది కాపోతే నాను పెళ్లికి రాను. మీ అన్ననీ రానివ్వను."

మావయ్య మొహం పాలిపోయింది. ఆ అన్నగారంటే ఆయనకు మేనమామ. "మేనమావ లేకుండా నా కొడుకు పెళ్లేటే అమ్మా?" అని బతిమాలాడు. అమ్మమ్మ కదల్లేదు. "నాను పుట్టిన ఏడు మా అయ్య పొలంగట్టు మీద టేకు నాటేడు. మా అయ్య మీద పంతానికి వాళ్లయ్య కూడా అది పుట్టినప్పుడు కాలవకి అవతల నాటేడు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. ఏది లావుగా ఉందో ఊళ్లోవోళ్లనే సూసి సెప్పమను!"

ఇక్కడే నేను నోరు తెరిచాను. లావుకీ వయసుకీ సంబంధం లేదనీ, కాలవ నీళ్లు ఎక్కువ తాగిన చెట్టు లావెక్కుతుందనీ, చుట్లు లెక్కపెడితే ఇద్దరిలో ఎవరు పెద్దో ఏడుతో సహా తేల్చి చెప్పేస్తాననీ అన్నాను. చెట్టును కొట్టక్కర్లేదు, సార్ ఇచ్చిన బోరర్‌తో సన్నటి పుల్ల లాగితే చాలన్నాను. అందరూ నావైపు జడ్జిగారిని చూసినట్టు చూశారు. నాక్కూడా అది చాలా సహజంగా అనిపించింది.

మునగపాక వెళ్లేసరికి చెట్టుకు బోరు వేస్తారట అని ఊరంతా పాకిపోయింది. చెరకు తోటలో పని వదిలేసి జనం గట్టు మీద చేరారు. తలపాగా చుట్టుకున్న ఒకాయన ముందుకొచ్చి, "అమ్మా, సెట్టుకి బోరేత్తే నీళ్లు పడతాయా?" అన్నాడు.

"నీళ్లు కాదండీ, పుల్ల వస్తుంది."

"పుల్లకి బోరేటమ్మా? కొమ్మిరిస్తే రాదా?"

(దీనికి ప్రాజెక్టు రిపోర్టులో రెండు పేజీల జవాబుంది. ఆ గట్టు మీద మాత్రం నేను గబగబా సంచిలోంచి బోరర్ తీశాను.)

మొదట అమ్మమ్మ చెట్టు. బోరర్ అంటే లోపల బోలుగా ఉండే ఇనప గొట్టం, చివర మర, పైన అడ్డంగా పిడి. పిడి పట్టుకుని మాను నడిబొడ్డు దాకా తిప్పుకుంటూ పోవాలి. నేను తిప్పుతుంటే అమ్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నడుం పట్టుకుని, "మెల్లిగా తిప్పే గుంటా, నాకే దిగినట్టుంది" అని మూలిగింది. ఆ పుల్ల బాగానే వచ్చింది. రెండో చెట్టు దగ్గర మునగపాక అమ్మమ్మ ముందు మానుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అప్పుడు తిప్పనిచ్చింది. సగం దిగాక బోరర్ బిగుసుకుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. మా సార్ దగ్గర ఉన్నది అదొక్కటే. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మావయ్య వచ్చి పిడికి వేలాడాడు. అది చటుక్కున వదిలేసరికి ఆయన వెల్లకిలా కాలవ బురదలో పడ్డాడు.

"సూసేరా, ముదురు కర్ర!" అంది మునగపాక అమ్మమ్మ, మావయ్య వంక చూడనైనా చూడకుండా. "పెద్దదాని సెట్టు మరి, అలాగే ఉంటది."

బురద కడుక్కున్నాక మావయ్యే మళ్లీ తిప్పాడు, రెండో పుల్లా బయటికి వచ్చింది. రెండు పుల్లల్నీ ఎండబెట్టి, చెక్క గాడిలో అతికించి, సాండ్ పేపరుతో నున్నగా రుద్ది, అనకాపల్లిలో మా ఇంటి వరండాలో భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. తీర్పు వినడానికి రెండు కుటుంబాలూ వచ్చేశాయి. నేను లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. రెండు చెట్లకూ ఒకే వయసు. అది ఫర్వాలేదు. కానీ ఆ లెక్కన అమ్మమ్మ మా అమ్మకంటే నాలుగేళ్లే పెద్ద.

చెప్పక తప్పలేదు. "నయం, నాకంటే సిన్నదని అన్లేదు" అన్నాడు మావయ్య. అమ్మ నా చదువుకని తాను పడిన పాట్లన్నీ గుర్తొచ్చినట్టు నన్ను చూసింది. నేను పెరట్లోకి పోయి సార్‌కి ఫోన్ చేశాను.

"సన్న చుట్లు రెండింటిలోనూ ఒకే చోట పడుతున్నాయా?" అన్నారాయన.

"పడుతున్నాయి సార్. పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి."

"అయితే నీ లెక్క తప్పు కాదమ్మా. టేకును నరికినా మోడు నుంచి మళ్లీ చిగురేసి మానవుతుంది. నీ లెక్క ఆ చిగురు వయసు. ఎప్పుడైనా నరికారేమో అడుగు."

వచ్చి అడిగాను. ఇద్దరు అమ్మమ్మలూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"ఓలమ్మో, మంచాలు!" అంది అమ్మమ్మ.

"అవునే వదినా! మన పెళ్లికి పట్టెమంచాలు సేయించలేదేటి! మా అయ్య కొట్టించేడని మీ అయ్యా కొట్టించేడు."

నేను లెక్కపెట్టింది వాళ్ల వయసు కాదు, వాళ్ల పెళ్లికి నిండిన ఏళ్లన్నమాట. నడిబొడ్డున మొదటి చుట్టు చాలా వెడల్పుగా ఉంది, మోడు చిగురు ఎప్పుడూ జోరుగానే లేస్తుంది. అది చూపించబోతే వినేవాళ్లు లేరు. "ఆ రోజు వానకి పందిరంతా తడిసిపోనాది గదే, నీ సీర ఎరుపు నా సీరకంటుకుపోనాది" అని ఒకరు, "ఆ సీర నువ్వు ఏడాదంతా నాకు సూపించి తిట్టేవు" అని ఇంకొకరు, ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. మావయ్య ఊపిరి పీల్చుకుని, "అయితే పోటు ఎవరేత్తారు?" అన్నాడు.

"దానికేటి, మా వదినే ఏత్తాది. పెద్దది" అంది అమ్మమ్మ.

"నానేటి? నువ్వే ఏత్తావు. నువ్వే పెద్ద."

మావయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పసుపు దంచే రోజున కూడా నువ్వంటే నువ్వని అనుకుంటూనే ఉన్నారు. ముహూర్తం దాటిపోతోందని అత్తయ్య కేకలేస్తే మునగపాక అమ్మమ్మ రోకలి అందుకుని, "దీనికి మోకాళ్ల నొప్పులని ఏత్తన్నాను. పెద్దదాన్నని కాదు, అందరూ ఇనండి" అని చెప్పి మరీ మొదటి పోటు వేసింది.

ఆ రెండు పుల్లలూ మా ప్రాజెక్టులో మంచి నమూనాలుగా నిలిచాయి. సార్ మెచ్చుకున్నారు. ఆ తరవాత నేను చాలా చెట్లు లెక్కపెట్టాను, ఇప్పుడు పిల్లలకు లెక్కపెట్టడం నేర్పుతున్నాను కూడా. ఆ ఇద్దరిలో ఎవరు పెద్దో మాత్రం తేలలేదు. నిరుడు అమ్మమ్మ పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ మునగపాక అమ్మమ్మ గుమ్మం పక్కన కూర్చుని ఒకటే మాట చెబుతూ ఉంది. "సిన్నది. నాకంటే సిన్నది. పెద్దదాన్ని నానుండగా ముందెల్లిపోనాది."

ఆ రోజుల్లోని నేనైతే వెంటనే, "అలా అనడానికి మన దగ్గర ఆధారం లేదమ్మమ్మా" అని ఉండేదాన్ని. అని, దానికో వివరణ కూడా ఇచ్చేదాన్ని. ఆ పిల్ల గుర్తొచ్చి నాకు అంత దుఃఖంలోనూ చిన్నగా నవ్వొచ్చింది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అవునమ్మమ్మా, చిన్నదే" అన్నాను.