అక్క విరగ్గొట్టని కీబోర్డు

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా, సన్మానం అయిపోయి టీలు తాగుతున్నప్పుడు ఎవరో ఒకరు పాత కంప్యూటరు సంగతి ఎత్తుతారు. టైపిస్టు అక్క బాదిన బాదుడుకి కీబోర్డు చచ్చిపోయిందనీ, ఆ పుణ్యమా అని ఆవిడ బదిలీ మీద మాహేలో పడ్డారనీ చెప్పుకుని నవ్వుతారు. ఒకరు లేచి, చేతులు గాల్లోకి ఎత్తి, ఆవిడ ఎలా బాదేవారో చేసి చూపిస్తారు కూడా. ఇరవై ఏళ్ళుగా నేనూ ఆ నవ్వులో కలుస్తూ వచ్చాను. ఆ కథ అబద్ధం. అక్క కీబోర్డు విరగ్గొట్టలేదు. అబద్ధం పుట్టించింది నేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాండిచ్చేరిలోని మా పెద్దాఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిలో ఒకదాన్ని యానాంలో ఉన్న మాకు పంపారు. దుప్పటి చుట్టి, జీపు వెనక సీట్లో పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి తెచ్చారు. అది 486 రకం. పెట్టె బల్ల మీద అడ్డంగా పడుకుని ఉండేది, దాని నెత్తిన పద్నాలుగు అంగుళాల మానిటరు. ఎనిమిది ఎంబీ ర్యామ్, నాలుగొందల ఇరవై ఎంబీ హార్డ్ డిస్కు. ఇప్పుడు నా ఫోనులో ఉన్న ఒక్క పెళ్ళి వీడియో అందులో పట్టదు. ఫ్లాపీలు పెట్టడానికి రెండు నోళ్ళుండేవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద నోట్లో పట్టే ఫ్లాపీ మా ఆఫీసులో ఎవరూ చూడలేదు. అందుకని మొదటి వారంలో అది లీవు చీటీలు వేసే కన్నమనుకున్నారు. మూడు చీటీలు లోపలికి వెళ్ళాయి. ఆ సెలవులు మంజూరు కాలేదు, తిరస్కరించబడనూ లేదు.

దాని బాగోగులు నాకు అప్పగించారు. కాకినాడలో మూడు నెలల కంప్యూటరు కోర్సు చేశానని నా దరఖాస్తులో ఉంది. కోర్సుకి నేను వెళ్ళింది పన్నెండు రోజులు. సర్టిఫికెట్ మాత్రం పూర్తిగా ఇచ్చారు.

పెట్టె ముందు భాగంలో ఎర్రటి వెలుగుతో రెండంకెలు కనబడేవి. 66. పక్కనే టర్బో అని రాసి ఉన్న బొత్తాం, ఆ పక్కన చిన్న తాళం కన్నం. మా అటెండరు మొదటి రోజే అడిగాడు.

"గురువుగారూ, ఆ అరవయ్యారేటండీ?"

నాకు తెలీదు. తెలీదని అనడం నాకు ఆ రోజుల్లో అలవాటు లేదు. "లోపలి వేడి," అన్నాను.

"అరవయ్యారు డిగ్రీలే! మొన్న రోహిణికార్తెలో కూడా అంత లేదండి బాబూ. పేల్తాదేమోనండీ!"

పరిగెత్తి టేబులు ఫ్యాను తెచ్చి పెట్టె మూతికి ఆనించి పెట్టాడు. అరగంటైనా అంకె తగ్గలేదు. నేను ఊరికే ఆ టర్బో బొత్తాం నొక్కాను. 33 అయింది. ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. ఆ బొత్తాం ఇంకెవరూ ముట్టుకోకూడదని ఆఫీసరుగారు నోటీసు అంటించారు. అది వేగం చూపించే అంకె అనీ, మేము దాన్ని చల్లబరచడం లేదు, కుంటిదాన్ని చేస్తున్నామనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ కుంటి కంప్యూటరు మీద టైపు నేర్చుకోవలసింది అక్క. దరియాలతిప్ప నుంచి రోజూ ఆటోలో వచ్చేవారు. టైపు మిషను మీద చూడకుండా కొట్టేవారు, ఫైలు చదువుతూ, ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ. కంప్యూటరు మీద ఆవిడ ఒక వరుస పూర్తిచేసి చేతులు కట్టుకుని కూర్చుంటే, అక్షరాలు ఒకటొకటిగా తర్వాత వచ్చేవి.

"నేను ఆపేశాను తమ్ముడూ. అదింకా కొడతానే ఉంది," అనేవారు నాతో.

అప్పుడే పాండిచ్చేరి నుంచి సర్క్యులర్ వచ్చింది. టైపిస్టులకు కంప్యూటరు మీద పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్ళు ఉన్నచోటే కంప్యూటర్ ఆపరేటర్లవుతారు. నెగ్గనివాళ్ళను ఇంకా టైపు మిషన్లు నడుస్తున్న చోటికి బదిలీ చేస్తారు. అలాంటి చోటు మాహే ఒక్కటే మిగిలింది. మాహే కూడా మా పాండిచ్చేరి కిందిదే. కానీ అది అవతలి సముద్రం ఒడ్డున, కేరళ మధ్యలో ఉంది. వెళ్ళాలంటే రెండు రైళ్ళు మారాలి. భాష వేరు, బియ్యం వేరు. యానాం ఉద్యోగిని భయపెట్టడానికి ఆ ఊరి పేరు చాలు.

అక్కకి హైస్కూల్లో చదివే ఇద్దరు ఆడపిల్లలు. ఆవిడ భర్త గోదావరిలో చేపలు పట్టేవారు. "నావ మాహే దాకా రాదు కదా తమ్ముడూ. వస్తే నాకు బెంగ లేదు," అనేవారు. రోజూ అన్నం టిఫిన్ గిన్నెలోంచి గబగబా తినేసి, మేము తిరిగొచ్చేలోపు కంప్యూటరు ముందు కూర్చునేవారు.

ఇక తాళం సంగతి. మా ఆఫీసులో తాళం కన్నమున్న ప్రతిదానికీ సాయంత్రం ఐదింటికి తాళం పడాల్సిందే. బీరువాలు, సొరుగులు, ఆఖరికి స్టాంపు ప్యాడ్లుండే రేకు డబ్బాకి కూడా. కంప్యూటరుకీ కన్నముంది కాబట్టి దానికీ వేసేవాళ్ళం. లోపలి ఫైళ్ళు బీరువాలో ఉన్నట్టు భద్రంగా ఉంటాయని నా నమ్మకం. రోజూ మిషను ఆపేసి తాళం వేసేవాణ్ణి, పొద్దున్నే తీసేవాణ్ణి. ఒకరోజు పరీక్షకి మచ్చు ప్రశ్నపత్రం ఫ్లాపీలో వచ్చింది. "మధ్యాహ్నం కూడా తాళం వెయ్యవయ్యా," అన్నారు ఆఫీసరుగారు. మిషను నడుస్తుండగానే తాళం తిప్పి, చెవి జేబులో వేసుకుని భోజనానికి ఇంటికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆ విషయం మర్చిపోయాను.

అక్క నాకోసం ఎదురుచూస్తున్నారు.

"తమ్ముడూ, బాణం కదుల్తుంది గానీ అక్షరం పడట్లేదు."

మౌసు తిప్పాను. బాణం తిరిగింది. కీబోర్డు నొక్కాను. ఏమీ లేదు. వైరు లాగి పెట్టాను. కీబోర్డు తిరగేసి దులిపితే చేగోడీ ముక్కలు రాలాయి. ఈలోగా జనం మూగారు. ఆఫీసరుగారు గదిలోంచి వచ్చారు.

"ఏమైందయ్యా?"

అందరూ నావైపే చూస్తున్నారు. తెలీదు అనే మాట మళ్ళీ నోట్లోంచి రాలేదు.

"టైపు మిషను అలవాటు కదండీ. గట్టిగా కొడతారు. లోపల సర్క్యూటు దెబ్బతింది," అన్నాను.

అక్క తన చేతులు తిరగేసి చూసుకున్నారు. నాలుగింటికల్లా ఆవిడకి మెమో వచ్చింది, ప్రభుత్వ ఆస్తిని అజాగ్రత్తగా వాడినందుకు. దాని నకలు ఫ్యాక్సులో పాండిచ్చేరి వెళ్ళింది.

ఐదింటికి, ఇంకా వెలుగుతున్న మిషనుకే అలవాటు ప్రకారం తాళం వేయబోయాను. చెవి తిరగలేదు. అప్పటికే వేసి ఉంది. ఇటు తిప్పి ఒక అక్షరం నొక్కాను. తెర మీద ఠక్కున పడింది. ఆ తాళం ఫైళ్ళకి కాదు, కీబోర్డుకి. గదిలో ఎవరూ లేరు. పడిన అక్షరం చెరిపేసి, తాళం మళ్ళీ వేశాను.

మొదటిసారి తాళం వేయడం పొరపాటు. ఈ రెండోసారి వేయడమే నేనిక్కడ ఒప్పుకుంటున్నది. ఆ సాయంత్రం నేను ఆలోచించింది ఇంతే: మెమో వెళ్ళిపోయింది, ఇప్పుడు అక్షరాలు పడితే నా పరువేం కావాలి? కాకినాడ నుంచి కొత్త కీబోర్డు రేపో ఎల్లుండో వస్తుంది, అది తగిలించేటప్పుడు తాళం తీసేస్తే అందరూ బాగుంటారు.

కొత్త కీబోర్డు రాలేదు. మా పాతదానికి పెద్ద గుండ్రటి పిన్ను, కాకినాడ షాపుల్లో అన్నీ చిన్న పిన్నులే. పెద్దదానికి చిన్నది తగిలించే ముక్క కోసం మద్రాసు రాశామని చెప్పేవాళ్ళు. ఆపేస్తే మళ్ళీ లేవదేమోనని ఆఫీసరుగారు కంప్యూటరు ఆపనివ్వలేదు. పదకొండు రోజులు అది రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. అంతకాలమూ ఆయన మౌసుతో పేకాట ఆడారు. పేకాటకి అక్షరాలతో పనిలేదు. రాజులూ రాణులూ వరుసలో కూర్చుంటుంటే ఆయనకి కంప్యూటరు మీద గౌరవం పెరిగిపోయింది.

"మిషను భేషుగ్గా ఉందయ్యా. మనిషిలోనే ఉంది లోపం," అనేవారు.

పన్నెండో రోజు పరీక్షాధికారి దిగారు. స్టాప్‌వాచీ, ఒక తోలు సంచీ. ఆయనకి కంప్యూటరంటే మా ఆఫీసరుగారికి తెలిసినంతే తెలుసు. ఆఫీసరుగారు ముందుగా ఆయనకి పేకాట చూపించారు. తర్వాత కీబోర్డు గతి చెప్పారు. పరీక్షాధికారి నన్ను అడిగారు, "రిపేరు అవదా?" చెవి నా చొక్కా జేబులోనే ఉంది. అక్క నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఇప్పట్లో కాదు సార్," అన్నాను.

"అయితే ఆ మూలన పడేసిన టైపు మిషన్ మీద పెడదాం," అన్నారాయన.

అక్క కూర్చున్నారు. ఆ రోజు కొట్టినట్టు ఆవిడ ఇంకెప్పుడూ కొట్టలేదు. నెగ్గితే ఉండిపోవచ్చనుకున్నారు పాపం. వరుస చివర గంట మోగుతూనే ఉంది. ఒక్క తప్పు లేదు. పరీక్షాధికారి వాచీ ఆపడం మర్చిపోయారు. "బ్యూటిఫుల్!" అని లేచి నిలబడ్డారు. నివేదికలో ఆయన రాసింది ఇదీ: టైపు మిషను మీద ఇంత నైపుణ్యం ఉన్న ఉద్యోగి సేవలు మాహే కార్యాలయానికి అత్యవసరం.

ఆర్డరు పదిహేను రోజుల్లో వచ్చింది. వెళ్ళేరోజు అక్క నా బల్ల దగ్గరికొచ్చి, "కీబోర్డు బాగు చేయించు తమ్ముడూ. నా తర్వాతొచ్చేవోళ్ళకి కావాలి," అన్నారు.

తర్వాతి వారం మద్రాసు ముక్క వచ్చింది. కొత్త కీబోర్డు తగిలించి, ఎవరూ చూడకుండా తాళం తిప్పాను. అక్షరాలు పడ్డాయి. ఆఫీసు చప్పట్లు కొట్టింది, నాకు.

అక్క మాహేలో రెండున్నరేళ్ళు ఉన్నారు. పెద్దమ్మాయి వంట చేసి, చెల్లెలికి జడ వేసి, పదో తరగతి పరీక్షలకి వెళ్ళింది. తిరిగొచ్చాక అక్క మామూలుగానే పలకరించేవారు. ఆవిడ రిటైరైనప్పుడు కూడా, ఆవిడ ఎదురుగానే ఆ కథ చెప్పి నవ్వారు. ఆవిడా నవ్వారు.

పోయిన ఏడాది ఇంకో సన్మానంలో ఆ బాదుడు నటన మళ్ళీ చూశాను. ఈసారి చేసి చూపించిన కుర్రాడు అక్కని ఎప్పుడూ చూసినవాడు కాదు. ఆ ఆదివారం చర్చి వేళ దాటాక దరియాలతిప్ప వెళ్ళాను. అంతా చెప్పాను.

"తాళమా?" అన్నారు అక్క.

"తాళమే అక్కా."

"తీస్తే పడేవా?"

"పడేవి."

"ఆ పదకొండు రోజులూ?"

"పదకొండు రోజులూ."

ఆవిడ గుమ్మం వైపు చూశారు. "నాకు కాదు, ఆయనకి చెప్పు," అన్నారు. "నేను ముట్టుకుంటే కరెంటు వస్తువు బతకదని ఈ ఇంట్లో చట్టం. టీవీ రిమోటు ఇవ్వరు. పిల్లలకి ఫోనూ ఆయనే కలిపిస్తాడు."

భర్త అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. ఆయన్ని బావగారూ అని పిలవడం నాకు మొదటినుంచీ అలవాటు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

"అంటే ఇది ఇరగ్గొట్టలేదా?"

"లేదు బావగారూ."

"మరి మా మిక్సీ?"

"మిక్సీ సంగతి నాకు తెలీదండీ." తెలీదు అనే మాట ఆ నాటికి నాకు వచ్చింది.

"మిక్సీ నీ చెల్లెలు కాల్చింది!" అని లోపల్నుంచి అక్క ఆయన మీద అరిచారు. "నామీదకి తోసేసి ఎల్లిపోయింది. ఎన్నేళ్ళు మొత్తుకున్నాను, ఇన్నావా నువ్వు?"

ఆయన వల పక్కన పెట్టారు. "ఫ్యానో?"

లోపల ఏదో గిన్నె బోర్లించిన చప్పుడైంది.

"ఫ్యాను నేనే," అన్నారు అక్క.

నేను క్షమించమని అడగబోతే అక్క బయటికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. "ఆ మాట తర్వాత. వాళ్ళు నవ్విన చోట చదివేలా కాయితం మీద పెట్టు."

"టైపు చేసి తెస్తానక్కా."

"నువ్వు కొడితే అన్నీ తప్పులే. చేత్తో రాసి పట్రా, నేను కొడతాను."

అందుకని ఇది రాశాను. నేనీ చివరి పేజీ రాస్తుండగా, అక్క ముందువాటిని తన చిన్నకూతురి ల్యాప్‌టాప్ మీద టైపు చేస్తున్నారు, కాయితం మీంచి కళ్ళు తిప్పకుండా. తన గురించి నేను మెచ్చుకుంటూ రాసిన రెండు వాక్యాలు నన్నడక్కుండానే తీసేశారు. బావగారు పక్కనే కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్‌కి ఏమవుతుందోనని గుడ్లప్పగించి కూర్చున్నారు. రెండో పేజీ సగానికి వచ్చాక లేచి, వల దగ్గరికి వెళ్ళిపోయారు.