బండి చాయ్

కోరుట్లలో పాత బండి కొనేవాళ్లు ముహూర్తం కన్నా ముందు పోశం తీరిక చూసుకుంటారు. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయనది చిన్న మెకానిక్ దుకాణం. బోర్డు లేదు, అవసరమూ లేదు. “కొంచెం వచ్చి చూసిపెట్టు పోశన్నా” అంటే మూడు వందలు తీసుకుని వెంట వస్తాడు. బండి మంచిదో కాదో మాత్రం అమ్మేవాళ్ల ఇంట్లో నోరు తెరిచి చెప్పడు. వాళ్లిచ్చిన చాయ్ తాగాడంటే కొనుక్కోమని అర్థం. “నాకు షుగరున్నది” అని గ్లాసు పక్కన పెట్టాడంటే లేచి రమ్మని అర్థం. ఆయనకు షుగరూ లేదు, గిగరూ లేదు. దుకాణంలో రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగుతాడు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. పని మొదలుపెట్టిన కొత్తలో మెట్‌పల్లిలో ఒకాయన వాకిట్లో నిలబడి, ఇంజన్ పోయిందని ఉన్నమాట చెప్పేశాడట. “సగం చెవిటోడు నా బండికి వంక పెడ్తడా!” అని ఆ ఇంటాయన చెప్పు తీశాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. అప్పట్నుంచి పదిహేడేళ్లుగా పోశం చాయ్‌తోనే మాట్లాడుతున్నాడు.

“మరి నువ్వు వద్దన్న బండిని ఇంకో అమాయకుడెవరో కొంటాడు కదా?” అని ఒకసారి ఎత్తిపొడిచాను.

“గాయిన నన్ను తోలుకపోలే గద సారూ” అన్నాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, నాకే ఆ లెక్కలో తప్పు దొరకలేదు.

సగం చెవుడు మాత్రం నిజమే. పోశం పుట్టింది బీర్పూర్‌లో. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి బాలవ్వ కూలికెళ్లి సాకింది. పద్నాలుగేళ్లకు సిరిసిల్ల వెళ్లి సాంచెల మీద పనికి కుదిరాడు. సాంచెలంటే మరమగ్గాలు. ఆ చప్పుడులో పక్కన నిలబడి కేకేసినా వినపడదు. పదకొండేళ్లు అక్కడ పనిచేసి, ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాడు. బదులుగా ఒకటి నేర్చుకున్నాడు. మగ్గం చట్రం మీద అరచెయ్యి వేసి, ఎక్కడ ఏం వదులైందో చెప్పగలడు. “సాంచెకు ఏం నొప్పున్నా చెవి కన్న ముందుగాల చెయ్యికే తెలుస్తది” అంటాడు. కోరుట్లకు వచ్చి బుచ్చయ్య అనే మెకానిక్ దగ్గర పని నేర్చుకున్నాక, ఆ చెయ్యే బండ్లకు పనికొచ్చింది.

ఇక నా సంగతి. ఇరవై ఏళ్లుగా అవే సూత్రాలు అదే బోర్డు మీద రాసి రాసి, ఎండాకాలం సెలవుల్లో ఒంటరిగా బండి మీద కన్యాకుమారి దాకా వెళ్లి రావాలని బుద్ధి పుట్టింది. దానికి దూరాలు తిరిగే పెద్ద బండి కావాలి. కొత్తది కొనే తాహతు లేదు. “కాలేజీకి అర కిలోమీటరు. దానికి ఏనుగసుంటి బండా?” అని మా ఆవిడ అఖిల నవ్వింది. నేను పట్టించుకోలేదు. బండి దొరక్కముందే వెనక వేలాడేసే సంచులు తెప్పించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

చివరికి ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. బీర్పూర్‌కు చెందిన రంజిత్ అనే అబ్బాయి రెండేళ్ల కిందట హైదరాబాదులో పాతదే కొన్నాడు. ఈమధ్యే దుబాయ్ వెళ్లిపోయాడు. మీటరు మీద పదకొండు వేల కిలోమీటర్లే. ధర నా జేబు చూసి పెట్టినట్టుంది. పోశంకు చెప్పాను.

“ఎవల కొడుకు?”

“విఠల్ అని, రైతు.”

పోశం చేతిలో పానాను చాలాసేపు గుడ్డతో తుడిచాడు. “మా ఊరే సారూ” అన్నాడు.

“ఇంకేం, తెలిసినవాళ్లే” అని సంబరపడ్డాను. ఆయన ముఖం చూడాల్సింది, చూడలేదు.

ఆదివారం పొద్దున్నే పోశం బండి మీద జగిత్యాల మీదుగా వెళ్లాం. మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే ఫోన్ చేయించాడు. వేడెక్కిన ఇంజన్ తన రోగాన్ని దాచుకుంటుందట. విఠల్ పొలానికి వెళ్లాడు. ఇంట్లో ఆయన భార్య కిష్టవ్వ ఒక్కతే ఉంది, అరవై దాటిన మనిషి. బండి మీది కవరు తీసింది. ముందు పెద్ద అద్దం, వెనక సామాను కట్టుకునే కడ్డీలు, ముదురాకుపచ్చ రంగు. నాకు ఆ క్షణమే సముద్రం కనబడింది.

పోశం మొదట ఇంజన్‌కు చెయ్యి వెనకవైపు ఆనించాడు. చల్లగానే ఉంది. మీట నొక్కితే ఒక్క దెబ్బకే స్టార్టయింది. ట్యాంకు మీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత కాళ్లు పెట్టుకునే రబ్బర్లు, బ్రేకు పెడలు తడిమాడు. హాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, ట్యాంకు కింద బండి మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా రాశాడు. ఆఖరికి ఊరి బయటిదాకా తోలుకెళ్లి వచ్చాడు. నేనూ ఒక చుట్టు తిరిగాను. నాకు వెన్న మీద పోయినట్టే అనిపించింది. పోశం ముఖంలో ఏమీ తెలియలేదు. ఎప్పుడూ తెలియదు, చాయ్ వచ్చేదాకా ఆగాల్సిందే.

కిష్టవ్వ ఆయన్నే చూస్తోంది. “నువ్వు బాలవ్వ కొడుకువు గదా? గా ముక్కు బాలవ్వదే.”

“అవునమ్మా.”

“అవ్వ మంచిగున్నదా?”

“పోయి రెండేండ్లాయె.”

ఆమె లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు రెండు స్టీలు గ్లాసులు తెచ్చింది. ఒకటి నాకిచ్చింది. రెండోది పోశం ముందు పట్టుకుని నిలబడింది.

“మీ అవ్వ మా పొలంల ఇర్వై ఏండ్లు నాట్లేసింది. ఆమెకు గోడ మీద ఏరే గిలాస ఉంటుండె. మా అత్త పెట్టింది. అత్త పోయినంక నేనన్న తియ్యాలె, తియ్యకపోతి. ఇయ్యాల తీద్దాం రేపు తీద్దాం అనుకుంటుండంగనే ఆమె పనికి రాకుంటయ్యింది. గీ గిలాస మేం తాగేది. నువ్వన్న తాగు కొడుకా.”

అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు విఠల్ పేరు వినగానే పోశం పానాను అంతసేపు ఎందుకు తుడిచాడో. ఊరి చివర వాడలో పుట్టినవాడు, ఈ గడప ముందు నిలబడిన తల్లిని చూసినవాడు. ఆ గ్లాసు పక్కన పెడితే ఆ ముసలామె ఏమనుకుంటుందో ఆయనకు తెలుసు. తాగితే నేనేమనుకుంటానో కూడా తెలుసు. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మనసు మాత్రం ఆ గ్లాసు ఎత్తితే చాలు, బండి నాదేనని కొట్టుకుంటోంది.

పోశం గ్లాసు అందుకున్నాడు. చాయ్ వంక చూశాడు, బండి వంక చూశాడు. తాగేశాడు. చివరి చుక్క దాకా తాగాడు.

నేను ఆగలేదు. జేబులోంచి బయానా డబ్బు తీసి, “అమ్మా, బండి నాకే” అని చెయ్యి చాచాను. పోశం నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఆగు సారూ. గిది బండి చాయ్ గాదు. మా అవ్వ చాయ్.”

తర్వాత కిష్టవ్వ వైపు తిరిగి, పదిహేడేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. అమ్మేవాళ్ల వాకిట్లో నోరు తెరిచాడు. “అమ్మా, గీ బండి ఒకపాలి గట్టిగ పడ్డది. మెడకాడ వంగితే సక్కగ జేసి పైన రంగేసిండ్రు. మీటరు గూడ ఎనుకకు తిప్పిండ్రు, రబ్బర్లు అరిగింది సూస్తే తెలుస్తది. ఊళ్లె తిరిగితే ఏం గాదు. సామాన్ కట్టుకొని జోరుగ పోతే హాండిల్ కొట్టుకుంటది. మనిషి దక్కడు.”

నాకు మెట్‌పల్లి చెప్పు గుర్తొచ్చి ఒక అడుగు వెనక్కి వేశాను. కిష్టవ్వ వెళ్లి బండి మెడ దగ్గర వేలితో తడిమి చూసింది.

“మావోడు కొన్నప్పుడే మోసపోయిండన్నట్టు” అంది. “రెండేండ్లు గట్లనే తోలిండు, ఏం గాలే, దేవుని దయ. గట్లయితే ఎవ్వలికి అమ్మను. ఎవల కొడుకు ఎక్కుతడో ఏమో. పైసలు పోయినయని మా ముసలాయన వొర్లుతడు, వొర్లనీ.”

డబ్బు జేబులో పెట్టుకున్నాను. లోకంలో ఉన్న చాయ్‌లన్నీ నా బండి కోసమే కాస్తారనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కన్యాకుమారి పోయిందన్న బాధ కూడా లేకపోలేదు.

పోశం ఖాళీ గ్లాసుతో పక్కకు నడిచాడు. వాకిట్లో నల్లా దగ్గర కూర్చుని దాన్ని కడగడం మొదలుపెట్టాడు. ఆ పని చేస్తున్నట్టు ఆయనకే తెలిసినట్టు లేదు.

“ఏం జేస్తున్నవ్ కొడుకా?” అంది కిష్టవ్వ.

పోశం ఉలిక్కిపడి చేతుల్లో గ్లాసు చూసుకున్నాడు. “అలవాటమ్మా. చిన్నగున్నప్పుడు అవ్వ ఎంబడి అస్తుంటి. అవ్వ గిలాస నేనే కడుగుతుంటి” అన్నాడు.

కిష్టవ్వ మెల్లగా వంగి ఆ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది. అదే నల్లా కింద, ఆయన ముందే, కూర్చుని కడిగింది.