ఏరు తాగిన సాలీడు

“మా నానాని సాలీడంటావా? ఎంత పొగరే నీకు!” అని బువాచి నిండు సభలో అరిచాడు. మా ఊరిపెద్దని నానా అంటాం. ఆ నానాకి నోరు బువాచే. బంగారు పిడి కర్ర పట్టుకుని ఆయన మాటలన్నీ తానే పలుకుతాడు.

చేపలు పొగబెట్టి అమ్ముకునే డుఫియే నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“కథ ఎత్తుకునేముందు నేనేమన్నాను బావా?”

“అందరూ అనేదేగా! ‘ఇది నిజం కాదు, నిజం కాదు’ అన్నావు.”

“మరి నిజం కాని సాలీడులో నీకు నానా మొహం ఎక్కడ కనబడింది? ఏరంతా తాగి పొట్ట ఉబ్బిందన్నాను. ఆ పొట్ట ఎవరిదో నాకు తెలీదు. నీకెలా తెలిసింది?”

సభ గొల్లున నవ్వింది. బువాచి కర్ర దించాడు.

ఆ కథ మా అమ్మమ్మల నాటిది. డుఫియే దానికి గిటారూ డ్రమ్ములూ కట్టించి, బంగారం కోసం ఏటిని తవ్విపోసేవాళ్ల మీద పాట చేసింది. వ్యాన్లలో, సెల్‌ఫోన్లలో అదే మోగింది. మోగితే ఏం లాభం? యంత్రాలు ఆగలేదు. ఏరు పాల టీ రంగుకు తిరిగింది. చేపలు వెల్లకిలా తేలాయి. డుఫియే పొయ్యి చల్లారింది. ఆ బురదే కాచుకు తాగి పిల్లలు ఒళ్లంతా గోక్కుంటుంటే, నానా గుమ్మంలో కొత్త కారు! సిగ్గులేని జన్మలు.

జిల్లా నుంచి అధికారి ఈ తవ్వకాల మీద విచారణకు వచ్చాడు. ఆడవాళ్లను పిలవనేలేదు. మగవాళ్లు మట్టిబొమ్మల్లా కూర్చున్నారు. ఎవరో ఫోనులో పాట వినిపిస్తే బువాచి పళ్లికిలించాడు.

“అయ్యా, ఇది నిజం కాదని పాడినావిడే మొదట చెబుతోంది, వినండి!”

అధికారి నవ్వి కాగితాలు కట్టేశాడు. పైగా మర్నాడు ఆయన్ని సాగనంపేటప్పుడు ఆడవాళ్లం పాడాలట! నా ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం డుఫియే నా పెరట్లోకి వచ్చింది.

“పిన్నీ, యంత్రాలు దిగిన రోజు నానా ఒడ్డున నిలబడి ఎక్కడ తవ్వాలో చూపించాడు. నువ్వు చూశావుగా?”

“చూడకేం! నా కర్రపెండలం చేను తొక్కుకుంటూనే పోయారు, చచ్చినోళ్లు.”

మా కథల్లో వినేవాళ్లెవరైనా మధ్యలో లేచి, “ఆగు, ఆరోజు నేనక్కడే ఉన్నాను” అని తమ పాట ఎత్తుకోవచ్చు. అదంతా సరదాకి.

“రేపు నేను పాడుతుంటే అలాగే లేచి సగంలో ఆపు,” అంది డుఫియే. “నీ పాట ఎత్తుకోకు. చూసింది చూసినట్టు, పేర్లతో సహా, ఆ అధికారి మొహం మీద చెప్పు.”